నిక్షేపరక్షణము: పరుల సమాచారము పరులపాలైనపుడు మన విధి

(వార్షిక మహాసభ రెండవ దినమున గావించిన యుపన్యాసము)



34 సంవత్సరములు బాలురచేత శబ్దములును ధాతువులును వల్లెవేయించి విశ్రాంతి గైకొన్నవారము మేము. కంప్యూటరులోని సమాచారము చోరుల చేతికి పోయినపుడు వర్తకుడు చట్టరీత్యా నేమి చేయవలయునో చెప్పుడని ఆహ్వానసంఘమువారు మాకు వ్రాసినపుడు, ఉత్తరము చిరునామా తప్పి వచ్చినదేమో యనుకొంటిమి. విచారింపగా కార్యదర్శిగారు నవ్వి, “మాస్టారూ, తప్పు చేసినవారు చెప్పిన పాఠము బాగుగా నాటునండీ” అనిరి. మాట కటువైనను సత్యము. కావున ముందు మా తప్పును చెప్పెదము, చట్టము తరువాత.

నాలుగేండ్ల క్రిందట మేమొక పట్టణశాఖయందు విద్యార్థివేతనముల యుపసంఘమునకు కార్యదర్శిగా నుంటిమి. ఆ యేడు 117 దరఖాస్తులు వచ్చినవి. ప్రతి దరఖాస్తుతోను ఆధార్ నకలు, ఆదాయ ధ్రువపత్రము, తల్లిదండ్రుల ఫోను సంఖ్య, బ్యాంకు పాసుపుస్తకపు మొదటిపుట తీసికొంటిమి. ఇన్ని యెందులకని మమ్ము నెవ్వరును అడుగలేదు. మమ్ము మేమును ప్రశ్నించుకొనలేదు. అంతయు నొక పట్టికగా వ్రాయించి, సభ్యులు తీరికగా చూచుకొందురు గదా యని వాట్సాప్ గ్రూపులో పెట్టితిమి. పెట్టినది మా చేతితోనే. ఆ గ్రూపునందు ఎనిమిదిమంది యుపసంఘ సభ్యులు మాత్రమే యున్నారని మా నమ్మిక. పిదప లెక్కింపగా నలుబదిమందికి పైగా నుండిరి. పాత కార్యవర్గములవారు, వారి గుమాస్తాలు, ఎప్పుడో విందు ఏర్పాట్లకై చేర్చుకొన్న వంటసామగ్రి వర్తకుడు – ఎవరును బయటికి పోలేదు. ఎవరిని మేము పంపలేదు.

పదునైదు దినములకు ఒక తల్లి మాకు ఫోను చేసెను. భర్త పోయిన పిదప కుట్టుమిషనుపై ఇల్లు నడుపుకొను నామె. “మాస్టారుగారూ, వాడు మా అబ్బాయి పేరు చెప్పినాడండీ, కాలేజీ పేరు చెప్పినాడు, బ్యాంకు పేరు చెప్పినాడు. సంఘమువారే అనుకొన్నాను. డబ్బు వేస్తాము, ఫోనుకు వచ్చిన అంకెలు చెప్పమన్నాడు, చెప్పినాను” అనెను. ఆమె ఖాతానుండి 18,400 రూపాయలు పోయినవి.

ఆ రాత్రియే ఉపసంఘము కూడినది. ఒక పెద్దమనిషి “ఇంటిగుట్టు లంకకు చేటు” అనెను. బయటికి పొక్కినచో వచ్చేయేడు చందా యెవరిచ్చెదరని మఱియొకరు. మేమును తల యూపితిమి. ఆ తల్లికి తలాకొంత వేసికొని సొమ్ము ముట్టజెప్పితిమి. మిగిలిన 116 కుటుంబములకు ఒక్కమాటయైనను చెప్పలేదు. పదునొకండవ దినమున మఱి రెండు కుటుంబములు అదే విధముగా మోసపోయినవి. వారిలో నొకరికి పోయినది కుమార్తె కళాశాల రుసుమునకై కూడబెట్టిన 62,000 రూపాయలు. మొదటి మోసమునకు కర్త దొంగ. తరువాతి రెండింటిలో మాకును పాలు కలదు. ముందే ఒక్క వర్తమానము పంపియున్నచో ఆ రెండిండ్లవారును ఫోను పెట్టివేసియుందురు. లంక గుట్టు మనదైన నది వేఱుమాట. ఇది 117 ఇండ్ల గుట్టు. దానిని దాచుటకు గాని, వెల్లడించుటకు గాని మాకేమి యధికారము?

ఈ ప్రశ్న మమ్ము మరల మా పాతపుస్తకముల యొద్దకు గొనిపోయినది. మన ధర్మశాస్త్రకారులు వ్యవహారపదములు పదునెనిమిదింటిలో నిక్షేపమును ఒకటిగా నెన్నిరి. ఒకరి వస్తువును మఱియొకరు నమ్మకముపై నుంచుకొనుట నిక్షేపము. పెట్టెలో పెట్టి, ముద్రవేసి, లోన నేమున్నదో చెప్పక యుంచినచో నది ఉపనిధి. కౌటిల్యుడును అర్థశాస్త్రమున తృతీయాధికరణమునందు దీనికొక ప్రకరణమే యిచ్చినాడు. యాజ్ఞవల్క్యస్మృతి ప్రకారము, ఉపనిధిని రాజుగాని దైవముగాని దొంగలుగాని హరించినచో ఉంచుకొన్నవాడు మరల నీయనక్కఱలేదు. ఐతే యజమాని వచ్చి యడిగినపుడు ఈయక, ఆపిమ్మట పోయినచో, దాని వెలయు, అంతియ దండమును చెల్లింపవలయును. యజమాని యనుమతి లేక దానితో తన జీవనము గడపుకొన్నవాడు దండార్హుడు. లాభముతోకూడ మరల నీయవలయును.

ఈ మూడవ మాట వినునపుడు మాకు మన వివాహవేదిక జ్ఞప్తికి వచ్చుచున్నది. పెండ్లికై ఇచ్చిన ఫోను సంఖ్యలకు స్థలముల వ్యాపారులు ఫోను చేయుచున్నారని ఎన్ని మొఱలు వచ్చినవో కార్యవర్గమువారికి తెలియును.

ఇంగ్లీషువారి ‘డేటా’ శబ్దము లాటినునుండి వచ్చినది. ‘ఈయబడినవి’ అని దాని యర్థము. మన ‘దత్త’ శబ్దమునకు అది జ్ఞాతి. పేరులోనే యున్నది చూడుడు, అది ఒకరు మనకిచ్చినది. ఐనను బంగారమునకును దీనికిని ఒక భేదము కలదు. బంగారము పోయినచో పెట్టె ఖాళీగా నగపడును. సమాచారము పోయినను మనయొద్ద నట్లే యుండును. పట్టికలో నొక్క యక్షరమును తఱుగదు. పోయినట్లు యజమానికి తెలియనే తెలియదు, ఉంచుకొన్నవాడు చెప్పిననే తప్ప. మఱియు బంగారమునకు వెలగట్టి మరల నీయవచ్చును. ఆధార్ సంఖ్యను, జాతకమును, రోగవివరమును మరల లోపలికి లాగుట యెవ్వరి తరమును గాదు. కావుననే నేటి చట్టములన్నియు కాపాడుటతోపాటు చెప్పుటను ప్రధానవిధిగా జేసినవి. ఈ మార్గమునకు మొదట దారితీసినది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము. అక్కడి చట్టము 2003 జులై 1 నుండి అమలైనది. 2018 నాటికి అచటి 50 రాష్ట్రములును అట్టి చట్టములను చేసికొనినవి. ఐరోపాలో 2018 మే 25 నుండి అమలైన శాసనము, అపాయకరమైన ఉల్లంఘనను అధికారికి 72 గంటలలో తెలుపవలయు నన్నది. డాలసునందును న్యూజెర్సీయందును వైద్యశాలలు నడుపు మనవారికి ఇవి క్రొత్తగావు. రోగుల సమాచారము పోయినచో 60 దినములలోగా వారికి తెలుపుట, 500 మందికి మించినచో పత్రికలకుకూడ తెలుపుట అచటి వైద్యులకు నిత్యనియమములు.

మనదేశమున నేమున్నది? 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, జస్టిస్ పుట్టస్వామిగారి వ్యాజ్యమున, ఆంతరంగికత పౌరుని ప్రాథమికహక్కని తీర్పు చెప్పినది. దాని సంతానమే 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి యామోదము పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టము. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. మండలి నేర్పాటు చేయు నియమములు వెంటనే అమలయినవి. ముఖ్యబాధ్యతలకు 18 నెలల వ్యవధి యీయబడినది. అనగా 2027 మే నెల గడువు. ఇంక కాలమున్నదని మనవారు నిద్రింతురేమో! అందులకే ఒక మాట చెప్పెదము. కేంద్రప్రభుత్వపు కంప్యూటరు అత్యవసర విభాగమైన సెర్ట్-ఇన్ వారు 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన యాదేశములు వేఱు. వానికి ఈ గడువుతో సంబంధము లేదు. అవి ఆ సంవత్సరమే అమలులోనికి వచ్చినవి. వాని ప్రకారము డేటాచౌర్యము, డేటా బయటికి పొక్కుట మొదలైన సంఘటనలను గమనించిన 6 గంటలలోగా వారికి తెలుపవలయును. కంప్యూటరు వ్యవస్థల నడవడిక చిట్టాలను 180 దినములు భద్రపఱుపవలయును. ఆఱు గంటలు! శనివారము రాత్రి దుకాణము కట్టి యింటికి పోయినవాడు ఆదివారము తెల్లవాఱునప్పటికి ఆ గడువు దాటియుండును.

2023 చట్టము మన సమాచారమును ఉంచుకొన్నవానికి డేటా ఫిడ్యూషియరీ యని పేరు పెట్టినది. న్యాసధారి యని మేము తెనిగించుకొన్నాము. కంపెనీలు మాత్రమే న్యాసధారు లనుకొనుట పొరపాటు. రిజిస్టరు అయినను కాకున్నను, వ్యక్తుల సంఘములు కూడ చట్టములోని ‘వ్యక్తి’ నిర్వచనమున చేరినవి. అనగా మన సంఘము, మన వసతిగృహము, మన వివాహవేదిక. సొంత గృహావసరములకు వ్యక్తి యుంచుకొన్న దానికే మినహాయింపు. కాగితపు ఖాతాపుస్తకము ఈ చట్టమునకు బయటనున్నది. దానిని ఫోనుతో ఫోటో తీసిన క్షణమున లోపలికి వచ్చినది. ఉల్లంఘన యనగా అర్ధరాత్రమున ముసుగుదొంగ కంప్యూటరులో దూఱుటయే కానక్కఱలేదు. అనుమతి లేని వినియోగము, పొరపాటున వెల్లడియగుట, చెడిపోవుట, తెఱచి చూచుకొన వీలులేకుండ పోవుట – వీనివలన ఆ సమాచారపు గోప్యతగాని, యథార్థతగాని, అందుబాటుగాని చెడినచో నది ఉల్లంఘనయే. మా వాట్సాప్ పట్టిక ఏ వర్గమున చేరునో మీరే చూచుకొనుడు.

ఉల్లంఘన జరిగినదని తెలిసిన వెంటనే భారత డేటా పరిరక్షణ మండలికిని, బాధితులైన ప్రతివ్యక్తికిని ఆలస్యము లేక తెలుపవలయును. మండలికి 72 గంటలలోగా కారణములు, చేసిన ప్రతిక్రియ, బాధితులకు తెలిపిన వివరము మొదలగునవి సమర్పింపవలయును. బాధితునకు వ్రాయు వర్తమానము సంగ్రహముగను స్పష్టముగను ఉండవలయును: ఏమి జరిగినది, ఎప్పుడు, అతనికి దానివలన రాదగిన కష్టమేమి, మేమేమి చేయుచున్నాము, అతడు తన్నుతాను కాపాడుకొనుట కేమి చేయవలయును, మాటలాడుటకు మనిషి యెవరు. కొంచెమే పోయినది, హానిలేదు, చెప్పనక్కఱలేదు – అను వెసులుబాటు మన చట్టమున లేదు. ఐరోపావారికి కొంత యున్నది. తగిన రక్షణోపాయములు చేయనివానికి 250 కోట్ల రూపాయలవఱకు దండము; తెలుపవలసినదానిని తెలుపనివానికి 200 కోట్లవఱకు. పదునెనిమిదేండ్లు నిండని బిడ్డల సమాచారమునకు తల్లిదండ్రుల నిర్ధారితమైన యనుమతి కావలయును. అందు తప్పినను 200 కోట్లవఱకే. అంకెలు పెద్ద కంపెనీలకై వ్రాసినవి. తప్పు యొక్క గురుత్వము, నష్టము తగ్గించుటకు చేసిన ప్రయత్నము, ఆ ప్రయత్నమునందలి వేగము – ఇవన్నియు చూచి మండలి దండము నిర్ణయించును.

దాచినవాని గతి యెట్లుండునో చెప్పుటకు అమెరికాలోని ఊబర్ కంపెనీ చరిత్ర చాలును. 2016లో ఆ కంపెనీయొద్దనుండి 5 కోట్ల 70 లక్షలమంది ప్రయాణికుల, డ్రైవర్ల వివరములు చోరులు తీసికొనిపోయిరి. కంపెనీవారు చోరులకు లక్ష డాలర్లు చెల్లించి, నోరు మెదపకుండునట్లు ఒప్పందము వ్రాయించుకొనిరి. లోపములు కనిపెట్టినవారికిచ్చు బహుమాన మని దానిని లెక్కలలో చూపిరి. క్రొత్త యాజమాన్యము వచ్చి 2017 నవంబరులో బయటపెట్టినది. 2018లో రాష్ట్రములన్నిటికి కలిపి 14 కోట్ల 80 లక్షల డాలర్లు చెల్లింపవలసి వచ్చినది. భద్రతాధికారి జోసెఫ్ సలివన్, తానే యొకప్పుడు ప్రభుత్వ ప్రాసిక్యూటరుగా నుండినవాడు, 2022 అక్టోబరున జ్యూరీచేత దోషిగా నిర్ణయింపబడినాడు. 2023 మేలో మూడేండ్ల ప్రొబేషను విధింపబడినది. దొంగ దూఱినందులకు కాదు సుమా ఆయనను బోనెక్కించినది. విచారించు ప్రభుత్వశాఖకు తెలియకుండ దాచినందులకు.

మన లెక్కలు చూచు సాఫ్ట్‌వేరు వాని యొద్దనుండి పోయినచో మనకేమి, అను వారుందురు. ఎయిర్ ఇండియా ప్రయాణికుల వివరములు 2021లో పోయినవి. పోయినది ఆ విమానసంస్థ యింటినుండి గాదు. ప్రయాణికుల పట్టికలను నిర్వహించు సీటా యను సంస్థ యింటినుండి. ప్రపంచమున 45 లక్షలమంది వివరములు, 2011 ఆగస్టునుండి 2021 ఫిబ్రవరివఱకు నమోదైనవి. ప్రయాణికులు ప్రశ్నించినది ఎవరిని? టికెట్టు ఇచ్చినవానినే. 2023 చట్టమును అదే చెప్పుచున్నది: పని యెవరికి అప్పగించినను బాధ్యత న్యాసధారిదే. కావున కంప్యూటరు పనివానితో ఒప్పందము వ్రాసికొనునపుడు, తనయొద్ద ఉల్లంఘన జరిగినచో ఎన్నిగంటలలో మనకు చెప్పునో అందు వ్రాయించుకొనుడు. మనకున్నది ఆఱుగంటలైనపుడు వాడు మూడు దినములకు చెప్పిన నేమి ప్రయోజనము? పదియేండ్ల క్రిందటి పట్టికలు అట్లే యుండుటయు గమనింపదగినది. లేనిదానిని దొంగ యెత్తుకొనిపోలేడు.

ఇక సన్నద్ధత. ఆఱు గంటలలో చెప్పగలుగుటకు ఆఱు నెలల ముందు తెలిసియుండవలసిన దొకటి కలదు. మనయొద్ద నేమున్నది, ఎచ్చటనున్నది, ఎవరు తెఱచెదరు? మందుల దుకాణమునవారు వైద్యుల చీటీల ఫోటోలు ఉంచుకొందురు. నగల దుకాణమునవారు పాన్ కార్డు నకళ్లు. చిట్టీల వారు జామీనుదారుల పత్రములు. కల్యాణమండపమువారు ఆధార్ నకలు. పని తీఱిన పిదప తుడిచివేయుట చట్టవిధి. మా పాత దరఖాస్తులను నిరుడు తీయగా 2014 నాటి ఆధార్ నకళ్లు కంప్యూటరులో నుండెను. ఆ పిల్లలకు ఇప్పుడు పిల్లలు గలరు.

రెండవది, ప్రతి. మూలము పోయినను మిగులు ప్రతి వేఱొకచోట, మూలముతో తీగె సంబంధము లేకుండ నుండవలయును. 2017 జూన్‌లో నాట్‌పెట్యా యను మాయాప్రోగ్రాము డెన్మార్కు దేశపు మెర్స్క్ ఓడల కంపెనీని పట్టుకొనినది. కంప్యూటరులలో నున్నదెల్ల గంటలలో పనికిరాకపోయినది. పది దినములలో 4,000 సర్వరులను, 45,000 కంప్యూటరులను మరల నిలిపితిమని ఆ కంపెనీ అధ్యక్షుడే తరువాత చెప్పెను. ఐతే ఎవరికి ఏ తలుపు తెఱచు నధికారమున్నదో నమోదుచేసిన ముఖ్యపట్టిక ప్రతులన్నియు ఒకదానితో నొకటి తీగెలచే గట్టబడియుండుటచే ఒకేసారి నశించినవి. మిగిలినది ఒక్కటే ప్రతి, ఆఫ్రికాలోని ఘానాయందు. అది యేల మిగిలెను? ఆ సమయమున నచట కరెంటు పోయియుండెను! మన గ్రామములలో కరెంటు కోతను దూషింపని దినము లేదు. ఘానాలోని కోత ఆ మహాసంస్థ నుద్ధరించెను. ఐనను మన వ్యాపారమును కరెంటు కోతపై నిలుపరాదు గదా. వారమున కొకసారి ప్రతి తీసి, తీగె ఊడదీసి, ఇనుపబీరువాలో పెట్టుడు. మూడునెలల కొకసారి దానినుండి మరల తెఱచి చూడుడు. తెఱువబడని ప్రతి ప్రతిగాదు. ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రియందు 2022 నవంబరు 23న సర్వరులు తాళములు పడినపుడు కొన్ని దినములు చేతివ్రాత పుస్తకములతో పని జరుపుకొనిరి. మీ ఆసుపత్రిలో ఆ పుస్తకములు సిద్ధముగా నున్నవా? వ్రాయుట వచ్చిన గుమాస్తా యున్నాడా?

మూడవది చిన్నది, కాని తఱచు లేనిది. అర్ధరాత్రమున ఎవరు ఎవరికి ఫోను చేయవలయునో ఒక కాగితముపై వ్రాసి గల్లాపెట్టె వెనుక అంటింపుడు. యజమాని, కంప్యూటరు పనివాడు, వకీలు, బ్యాంకు, సెర్ట్-ఇన్ చిరునామా, సొమ్ము పోయినచో 1930. ఈ కాగితము కంప్యూటరులో నుంచినచో అది చెడినపుడు కాగితమును చెడును. బాధితులకు వ్రాయదగిన యుత్తరమును ముందే తేటతెలుగున వ్రాసిపెట్టుకొనుడు. ఆ ఘడియలో చేయి వణకును, మాట దాటవేయు బుద్ధి పుట్టును. మా యనుభవము.

ఈ చట్టమును మెచ్చుచునే ఒక లోపమును చెప్పక తీఱదు. విధించిన దండమంతయు భారత సంచితనిధికి పోవును. బాధితునకు పరిహారమిచ్చు ఏర్పాటు ఇందు లేదు. సమాచార సాంకేతిక చట్టములోని 43ఏ సెక్షను, అజాగ్రత్తవలన నష్టపడినవానికి పరిహారము చెప్పుచుండెను. క్రొత్త చట్టపు బాధ్యతలు అమలగునపుడు ఆ సెక్షను తొలగిపోవును. యాజ్ఞవల్క్యుడు రాజునకు దండమును, యజమానికి వస్తువును రెండును చెప్పెను. కుట్టుమిషను తల్లికి 18,400 మనము వేసికొనకపోయినచో ఢిల్లీ ఖజానానుండి వచ్చునది కాదు. ఈ విషయమున ప్రభుత్వమునకు మహాసభ విన్నపము పంపుట యుక్తమని మా యభిప్రాయము. పంపువఱకు మన యింటి లోపమును మనము దిద్దుకొనవలయును.

పోయిన నెలలో మేము ఆ 117 కుటుంబములకును పేరుపేరున ఉత్తరములు వ్రాసితిమి. ఏమి జరిగినదో, ఎవరి చేతినుండి జరిగినదో వ్రాసితిమి. నాలుగేండ్లు ఆలస్యమైన యుత్తరము. 23 తిరిగి వచ్చినవి, ఇండ్లు మాఱినారట. తొమ్మిదిమంది జవాబు వ్రాసిరి. 62,000 పోయిన యింటి పెద్ద వ్రాయలేదు; స్వయముగా వచ్చి, కూర్చుండి, మంచినీళ్లు త్రాగి, “అప్పుడే చెప్పియుంటే మాస్టారూ” అని లేచి వెళ్లెను.

రేపు ఉదయము 10 గంటల సమావేశమున ఒక తీర్మానము మా పేర రానున్నది. వివాహవేదికయందు ఆధార్ నకళ్లు తీసికొనుట మానవలయును. సంబంధము కుదిరిన మఱునెలలో ఆ పుట తుడువవలయును. విద్యార్థివేతనముల పట్టికను వాట్సాప్‌లో పెట్టరాదు. ప్రతిశాఖయందు ఇందులకు బాధ్యుడైన ఒక్కరి పేరు, ఫోను సంఖ్య సభ్యులందఱికి తెలుపవలయును. ఉల్లంఘన జరిగినచో ఆ దినముననే బాధితులకు తెలుపవలయును, కార్యవర్గము కూడువఱకు ఆగరాదు. ఈ చివరి వాక్యమునకు కొందఱు పెద్దలు సవరణ తెత్తురని వింటిమి. తేవచ్చును. ఆ చర్చయందు మేమును మాటలాడెదము. శాఖా కార్యదర్శులు తమయొద్దనున్న పట్టికల వివరము వ్రాయుటకు ఒక నమూనా పత్రము నమోదు బల్లయొద్ద నున్నది. భోజనవిరామమున తీసికొని, సాయంకాలము లోపల పూరించి మాకీయ ప్రార్థన.